మూత మీద రాసిన పేరు

కొత్తగా చేరిన ల్యాబ్ టెక్నీషియన్లకు నాలుగు మాటలు చెప్పమని నన్ను అప్పుడప్పుడు పిలుస్తుంటారు. పిలిచిన ప్రతిసారీ ఒక సంఘటన చెప్పేవాణ్ణి. "ఒక ఆసుపత్రిలో ఒకాయన రెండు సీసాల మూతలు తారుమారు చేశాడట" అని మొదలుపెట్టేవాణ్ణి. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవాళ్లు. ఆ ఒకాయన నేనేనని ఏనాడూ చెప్పలేదు. చెప్పకుండా దాటేసిన మాట అదొక్కటే కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

2004 ఆగస్టు. భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నేను పనిచేస్తున్నాను. మా ఊరు కుసుమంచి. పెళ్లయ్యాక ఈ పక్కకు వచ్చి స్థిరపడ్డాను. ల్యాబ్ అంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, నేను. వానాకాలమంతా మలేరియా స్లైడ్లతోనే సరిపోయేది. చర్మం ముక్కల్లాంటివి చదివే డాక్టరు మా దగ్గర లేరు. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క కోసి పరీక్షకు పంపడాన్ని బయాప్సీ అంటారు. ఆ ముక్క కుళ్లకుండా ఫార్మలిన్ అనే ఘాటైన మందునీళ్లలో వేసి, సీసా గట్టిగా మూసి, వరంగల్ బస్సులో పంపేవాళ్లం. పది రోజులకు రిపోర్టు వచ్చేది.

సీసా మీద పేరు రాయడానికి మాకో అలవాటుండేది. ప్లాస్టిక్ సీసా ఒంటి మీద కాగితం అంటిస్తే ఫార్మలిన్ తడికి సిరా చెదిరిపోయేది. అందుకని మూత మీద గుడ్డ ప్లాస్టర్ ముక్క అంటించి దానిమీద పేరు రాసేవాళ్లం. చూడ్డానికి శుభ్రంగా ఉండేది. సీసా ఒంటి మీదే రాయాలని ట్రైనింగులో నాకు నేర్పారు. నేర్చుకున్నదాన్ని సౌకర్యం కోసం వదిలేశాను.

ఆ నెలలో ఒక సోమవారం ములకలపల్లి వైపు నుంచి ఒక అన్నా చెల్లెలూ వచ్చారు. ఇక్కడ వాళ్ల పేర్లు మార్చాను. అన్న సత్యం, ముప్పై ఎనిమిదేళ్లు, మిర్చి, పత్తి పండిస్తాడు. చెల్లెలు ఈశ్వరి, ముప్పై ఒకటి. పక్క ఊళ్లోనే ఇచ్చారు, ఆమె కూడా పొలం పనికే పోతుంది. ఇద్దరి మెడల మీద, చేతుల మీద, వీపు మీద చిన్నప్పటి నుంచీ పలచటి మచ్చలు. కొన్ని తెల్లగా పొడిపొడిగా, కొన్ని ఎర్రగా. వాటి మధ్య చదునైన పులిపిరికాయలు.

"శోభి అన్నరమ్మా అందరూ. పూయని పసరు లేదు" అన్నాడు సత్యం. "ఒకసారైతే కుష్టేమోనని ఈకతోని గీకి చూసిండ్రు. స్పర్శ ఉన్నది, పో అన్నరు."

"మీ అమ్మానాన్నలు పెళ్లికి ముందే చుట్టాలా?" అని అడిగారు డాక్టర్ సుగుణ. మా పెద్ద డాక్టరమ్మ ఆవిడ.

"అవ్. మా అమ్మ మా నాయనకు సొంత అక్క బిడ్డె."

"గందుకే గిట్లొచ్చిందా ఏంది?" అని ఈశ్వరి నవ్వింది. "మా మేనమామ కొడుకును చేసుకోమని నన్ను సతాయించిండ్రు డాక్టరమ్మా. చేసుకోకుంటనే మంచిగైంది!"

డాక్టరమ్మ నవ్వలేదు. ఆ జబ్బు పేరు ఎపిడెర్మోడిస్ప్లాసియా వెరూసిఫార్మిస్ అని ఆ రోజే మొదటిసారి విన్నాను. పులిపిరికాయలు పుట్టించే వైరస్ కుటుంబంలోనే కొన్ని రకాలు మనందరి చర్మం మీదా ఊరికే పడి ఉంటాయట. మనల్ని ఏమీ చేయవు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం అందుకుని పుట్టినవాళ్ల చర్మానికి మాత్రం వాటిని అదుపు చేసే శక్తి ఉండదు. దగ్గరి సంబంధాలు చేసుకునే ఇళ్లలో అందుకే ఎక్కువగా కనిపిస్తుంది. చిన్నతనంలో మచ్చలుగా మొదలై, ఎండ తగిలే చోట, అంటే నుదురు, కణతలు, చేతుల మీద, ముప్పై నలభై ఏళ్ల వయసులో కొందరికి క్యాన్సర్‌గా మారుతుంది. ఒక మచ్చ ఉన్నట్టుండి మందంగా అయినా, పొక్కు కట్టి గీరుకుంటే రక్తం వచ్చినా, నెల దాటినా మానకపోయినా ఆలస్యం చేయకూడదు.

"వైరస్ అంటున్నరు. మా పిల్లలకు అంటదా?" అని అడిగాడు సత్యం.

"అంటదు. మీరు ముట్టుకున్నంత మాత్రాన ఎవరికీ ఈ జబ్బు రాదు. పుట్టుకతో ఆ లోపం ఉన్నవాళ్లకే వస్తుంది" అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పారు. ఈ మాట గుర్తుంచుకోండి.

సత్యానికి కుడి కనుబొమ్మ పైన వేరుశెనగ గింజంత గరుకు మచ్చ ఉంది. ఈశ్వరికి ఎడమ కణత మీద, కంటి కొసకు వేలెడు దూరంలో, పొక్కు కట్టిన పుండు. ఇద్దరికీ మత్తు సూది ఇచ్చి ముక్కలు తీశారు. ఒంటిగంట దాటాక ఆపరేషన్ థియేటర్ సిస్టర్ రెండు సీసాలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్లింది. మూతల మీద పేర్లున్నాయి.

సీసాల్లో ఫార్మలిన్ తక్కువగా ఉంది. ముక్క కంటే పదింతలు ఉండాలి. మరికాస్త పోద్దామని రెండు మూతలూ తీసి టేబుల్ మీద బోర్లా పెట్టాను. అప్పుడే బయట కేకలు. పాము కరిచిన మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. రక్తపింజర కాటుకు రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. అది తెలుసుకోవడానికి పొడి గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి చూడాలి. పరిగెత్తి రక్తం తీసుకొచ్చాను. గొట్టం నిలబెట్టే స్టాండుకు చోటు కావాలి. టేబుల్ మీదున్నవన్నీ ముంజేత్తో పక్కకు జరిపాను. సీసాలు, మూతలు అన్నీ.

గొట్టం పెట్టి టైము రాసుకుని ఇటు తిరిగాను. బస్సుకు ఇంకా పావుగంట కూడా లేదు. ఫార్మలిన్ పోసి మూతలు తిప్పి చూశాను. ఒకదాని మీద సత్యం, ఒకదాని మీద ఈశ్వరి. ఏ మూత ఏ సీసాది? నా చెయ్యి గాల్లో ఆగిపోయిన ఆ క్షణం ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంటుంది. సత్యం మూతను కుడి సీసాకు, ఈశ్వరి మూతను ఎడమ సీసాకు పెట్టాను. మొదట్లో అలాగే ఉన్నాయని నాకు నేనే చెప్పుకున్నాను.

కిటికీలోంచి చూస్తే వాళ్లిద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. టిఫిన్ డబ్బా మూతలో అన్నం పెట్టి ఈశ్వరి అన్నకిస్తోంది. డాక్టరమ్మ గదికి ముప్పై అడుగులు. వెళ్లి చెబితే ఇద్దరినీ పిలిపించి మళ్లీ ముక్కలు తీసేవారు. వాళ్లకు ఇంకో రెండు సూది పోట్లు, నాకు ఒక చీవాటు. అక్కడితో అయిపోయేది.

వెళ్లలేదు. అంతకు రెండు వారాల క్రితమే ఒక మలేరియా స్లైడు తప్పుగా చదివి అందరి ముందూ మాట పడ్డాను. పర్మనెంట్ చేసే ఆర్డర్ ఆ నెలలోనే రావాల్సి ఉంది. ఇవి కారణాలు. సాకులుగా చెప్పడం లేదు, ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ఆ పది రోజులు నాకు అన్నం సహించలేదు. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు రెండు ఖాళీ సీసాలు తీసి ముంజేత్తో జరిపి చూసేవాణ్ణి. మూతలు ఎటు జరుగుతాయి? ఒక్కోసారి ఒక్కోలా జరిగేవి. రెండూ మామూలు పులిపిరులే అయితే బాగుండునని ప్రార్థన చేసుకునేవాణ్ణి. మా ఆవిడ ఏమైందని అడిగితే పనెక్కువైందన్నాను.

పదకొండో రోజు కవరు వచ్చింది. నిలబడ్డచోటే చించాను. సత్యం పేరు మీద: స్క్వామస్ సెల్ కార్సినోమా. చర్మం పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్ అది. ఇంకా మొదటి దశలోనే ఉంది. ఈశ్వరి పేరు మీద: పులిపిరి మార్పులు మాత్రమే, క్యాన్సర్ లేదు.

బయాప్సీ రిపోర్టులో చివరి రెండు వాక్యాలే అందరూ చదువుతారు. మొదటి వాక్యంలో, అందిన ముక్క చూడ్డానికి ఎలా ఉందో, ఎంత ఉందో రాస్తారు. నేను ఆ మొదటి వాక్యాలు చదివాను. సత్యం రిపోర్టులో 'పడవ ఆకారంలో కోసిన ముక్క, పొడవు ఒకటిన్నర సెంటీమీటర్లు' అని ఉంది. ఈశ్వరి రిపోర్టులో 'గుండ్రని ముక్క, నాలుగు మిల్లీమీటర్లు'. ఏదో వంక పెట్టుకుని రికార్డుల గదికి వెళ్లి ఇద్దరి కేసు షీట్లూ తీశాను. థియేటర్ సిస్టర్ రాతలో స్పష్టంగా ఉంది. సత్యానికి పంచ్ బయాప్సీ, అంటే గుండ్రటి చిన్న గొట్టపు కత్తితో తీసినది. ఈశ్వరికి పుండు మందంగా ఉన్నందున పడవ ఆకారంలో కోత.

అప్పటిదాకా ఉన్నది అనుమానం. ఇప్పుడు తెలిసిపోయింది. క్యాన్సర్ ఈశ్వరిది.

రిపోర్టులు తీసుకుని డాక్టరమ్మ గదికి వెళ్లాను. ఆవిడే గమనిస్తారని ఆశ. గమనిస్తే నేను చెప్పాల్సిన పని తప్పుతుంది. ఆవిడ వేలు కాగితం మీద సరాసరి కిందికి జారి చివరి వాక్యం దగ్గర ఆగింది. "పాపం, సత్యం" అన్నారు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

"ఇంకేమన్నా ఉందా దాసూ?"

"ఏం లేదు మేడమ్."

ఈ వ్యాసమంతా ఆ మూడు మాటల గురించే.

సత్యానికి చెప్పినరోజు ఈశ్వరి వరండా స్తంభానికి ఆనుకుని ఏడ్చింది. అటుగా పోతున్న నన్ను చూసి ఆగి, "నాకేం లేదని వచ్చింది సారూ. అన్నకేమో గట్లొచ్చింది. ఆయనకు ఇద్దరు పిల్లలు, వదినకు మళ్ల నెల తప్పింది. నాకు రావాల్సింది ఆయనకొచ్చింది" అంది. నేను తల వంచుకుని ల్యాబులోకి వెళ్లిపోయాను.

ఈ క్యాన్సర్‌కు మొదటి దశలో వైద్యం సులువే. చుట్టూ కాస్త మంచి చర్మంతో కలిపి మచ్చను కోసి తీసేయడం, కుట్లు వేయడం లేదా ఎండ తగలని చోటి నుంచి చర్మం తెచ్చి అతకడం. సత్యం నుదుటి మీద రూపాయి బిళ్లంత చర్మం తీసి, తొడ మీది చర్మం అతికారు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటిదగ్గర వదినకు వేవిళ్లు కావడంతో ఈశ్వరే ఉండి చేసింది. కట్టు గుడ్డలు ఉతికింది, గిన్నెలు కడిగింది. కణత మీది పొక్కును కొంగుతో కప్పుకుని నా ల్యాబు ముందు నుంచే రోజుకు నాలుగుసార్లు నీళ్లకు పోయేది.

కోసిన చర్మం రిపోర్టు వచ్చింది. 'మిగిలిన క్యాన్సర్ ఏమీ లేదు' అని ఉంది. "బయాప్సీలోనే మొత్తం వచ్చేసినట్టుంది, అదృష్టవంతుడు" అన్నారు డాక్టరమ్మ. అసలు లేనిది ఎలా మిగులుతుంది? ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

వాళ్లు ఇంటికి పోయేరోజు ఈశ్వరిని ఆపాను. "అమ్మా, మీరు కూడా నెలలోపు ఒకసారి వచ్చి ఆ పుండు చూపించుకోండి."

"నాకేం లేదని మీ కాయితమే చెప్పె గదా సారూ."

"అయినా రండి. జల్దీ రండి."

"దవాఖానల ఉండి ఉండి మా సారుకు అందరూ రోగుల్లెక్కనే కనపడ్తరు" అని అన్నతో అంటూ నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

సగం నిజం చెబితే సగం పని అవుతుందనుకున్నాను. కాలేదు. సెప్టెంబరులో వాగులు పొంగాయి. తర్వాత మిర్చి నాట్లు, ఆ తర్వాత పత్తి ఏరుడు. ఆ వైపు నుంచి ఎవరొచ్చినా ఈశ్వరి గురించి అడిగేవాణ్ణి. బాగానే ఉందనేవాళ్లు. ములకలపల్లి బస్సు ఆగిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి వెళ్లి చూసేవాణ్ణి. అక్టోబరులో నా పర్మనెంట్ ఆర్డర్ వచ్చింది. మా ఆవిడ పాయసం వండింది. రెండు చెంచాలు తిని లేచాను.

2005 జనవరిలో వచ్చింది. ముఖానికి అడ్డంగా తువాలు చుట్టుకుని ఉంది. డాక్టరమ్మ తువాలు తీయించినప్పుడు నేను వేరే పని మీద ఆ గదిలోనే ఉన్నాను. పుండు నిమ్మకాయంత గడ్డయింది. మధ్యలో పగిలి రసి కారుతోంది. చెవి ముందు గ్రంథి రాయిలా గట్టిపడింది.

"ఎన్నాళ్లయింది? ఎందుకు రాలేదు?" డాక్టరమ్మ గొంతు పెరిగింది.

"ఏం లేదని వచ్చింది గదమ్మా. మానుతది లే అనుకున్న."

మళ్లీ బయాప్సీ. ఈసారి సీసా ఒంటి మీదే పెన్సిలుతో పేరు రాశాను. పెన్సిలు రాత ఫార్మలిన్‌కు చెదరదు. మూత మీద రాసే అలవాటును ఆ నెలలోనే ఆసుపత్రి మొత్తంలో మాన్పించాను. మంచి పని చేశావని మీటింగులో మెచ్చుకున్నారు.

రిపోర్టు అనుకున్నట్టే వచ్చింది. "ఈ జబ్బులో పులిపిరి మచ్చలే క్యాన్సర్‌గా మారతాయి. ఈమెకు ఇంత తొందరగా మారడమే ఆశ్చర్యం" అన్నారు డాక్టరమ్మ. వైద్యశాస్త్రమే నా తప్పుకు దుప్పటి కప్పింది. ఎవరికీ అనుమానం రాలేదు.

హైదరాబాదుకు పంపారు. మిగతా క్యాన్సర్లలో లాగా రేడియేషన్, అంటే కరెంటు పెట్టడం, ఇలాంటివాళ్లకు మంచిది కాదట. వీళ్ల చర్మంలో అదే కొత్త క్యాన్సర్లను రేపుతుంది. కాబట్టి కత్తి ఒక్కటే దారి. గడ్డతో పాటు చెవి ముందు గ్రంథి, దానిలోంచి ముఖానికి పోయే నరం కూడా తీయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది. కానీ నోరు ఒక పక్కకు లాగేసింది. ఎడమ రెప్ప మూత పడదు. రెప్ప పడని కన్ను ఎండి ఎండి రెండేళ్లలో చూపు పోయింది. ఆగస్టులోనే తీసి ఉంటే కణత మీద అంగుళం గీత మిగిలేది.

ఆ తర్వాత మూడు నెలలకోసారి చూపించుకోవడానికి క్రమం తప్పకుండా వచ్చేది. కొత్త మచ్చ ఏది మందంగా అనిపించినా తీసేసేవారు. ఎండలో పోకూడదు కాబట్టి పొలం మానేసి ఇంటి దగ్గర చిన్న కిరాణా కొట్టు పెట్టుకుంది. నన్ను చూస్తే ఎప్పటిలాగే పలకరించేది. "జల్దీ రమ్మన్నడు ఈ సారు, నేనే ఇనలే" అని నర్సులతో చెప్పేది. ఆ మెప్పును నాలుగేళ్లు మోశాను.

2009 ఎండాకాలంలో రక్తపరీక్షకు నా ల్యాబులో కూర్చుంది. మీ అన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"మా అన్న నా మొకం చూడడు సారూ."

"ఎందుకు?"

"ఆయన రోగం నాకు అంటించిండని. ఆయనకు ముందొచ్చె, నేను కట్టు గుడ్డలు పిండితి, ఐదు నెల్లకు నాకొచ్చె. ఊరంతా గదే అంటది. ఆయన గూడ గదే పట్టుకున్నడు. కొట్టం కాడ మంచమేసుకున్నడు. కంచం, గిలాస అన్నీ ఏరే. ఆపరేషనైనంక పుట్టిన బిడ్డెను ఇప్పటిదాంక ఎత్తుకోలే. గా పిల్ల దగ్గరికొస్తే కట్టె జూపిస్తడు."

"అంటుకోదని డాక్టరమ్మ చెప్పలేదా?"

"అంటదనే చెప్పింది. కానీ కండ్ల ముంగట జరిగె గద సారూ!"

నా చేతిలో సూది ఉంది. కింద పెట్టి, ఇప్పుడే వస్తానని బయటికి వచ్చాను. నా తప్పుకు ఆమె ముఖమే మూల్యమని అన్నాళ్లూ అనుకున్నాను. ఆ రెండు కాగితాల వరసను నమ్మి ఒక మనిషి తన ఇంట్లో తానే అంటరానివాడయ్యాడని నాకు తెలియదు. డాక్టరమ్మ మాట వాళ్లను ఒప్పించలేకపోయింది, ఎందుకంటే నా కాగితం దానికి ఎదురు సాక్ష్యం చెబుతోంది. దాన్ని చెరిపేయగలవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ ముందు రెండు పాత రిపోర్టులూ, కేసు షీట్లూ పెట్టి మొదటి వాక్యాల కింద వేలు పెట్టి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివారు.

"నేనూ పై వాక్యం చదవలేదు" అన్నారు చివరికి. తర్వాత నా వైపు చూసి, "నువ్వు మాత్రం చదివావు" అన్నారు.

రాజీనామా కాగితం తీసి ఇచ్చాను. తీసుకోలేదు. "ఇది నీకు సులువైన పని. కష్టమైనది ముందు చెయ్యి. ఆదివారం వాళ్లింటికి పోదాం."

యాజమాన్యం తర్వాత నన్ను మూడు నెలలు పక్కన పెట్టింది, ఇంక్రిమెంటు ఆపింది. న్యాయమే. కొత్తగా చేరేవాళ్లకు ఈ కేసు నుంచి నేను చెప్పగలిగింది ఇంతే. పేరు సీసా ఒంటి మీద రాయండి, ఒక మూత పెట్టాకే ఇంకో మూత తీయండి, రిపోర్టు మొదటి వాక్యం నుంచి చదవండి. తప్పు జరిగిందని తెలిసినప్పుడు ఆ ముప్పై అడుగులూ అప్పుడే నడవండి. ఒకరోజు ఆగితే అది వంద అడుగులవుతుంది, ఐదేళ్లు ఆగితే ములకలపల్లి దాకా పోవాల్సి వస్తుంది. ఇది రాయొచ్చా అని ఈశ్వరిని అడిగాను. "రాయి సారూ. కానీ నీది నువ్వే రాసుకో, ఒకాయన అనకు" అంది.

ఆ ఆదివారం మేం వెళ్లేసరికి సత్యం కొట్టం పక్కన మంచం మీద ఉన్నాడు. గుంజకు కొట్టిన మేకుకు అతని గ్లాసు వేలాడుతోంది. కబురు పంపితే ఈశ్వరి కూడా వచ్చి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంది. నాలుగేళ్ల పాప తల్లి చీర పట్టుకుని దూరం నుంచి మమ్మల్ని చూస్తోంది.

నేను అతనికి ఎదురుగా కూర్చుని సంచిలోంచి రెండు సీసాలు తీసి మంచం మీద పెట్టాను. మూతలు తీసి బోర్లించాను. ముంజేత్తో పక్కకు జరిపాను. "ఆ రోజు నేను చేసింది ఇదే" అని, అక్కడి నుంచి జరిగిందంతా చెప్పాను. రిపోర్టు చదివి తెలుసుకున్న సంగతి కూడా దాచలేదు.

సత్యానికి మొదట అర్థం కాలేదు. నుదుటి మీది అతుకును తడుముకున్నాడు. "అంటే, నాకు రానే లేదా?"

"రాలేదు."

"మరి చెల్లెకు నా నుంచి..."

"మీ నుంచి కాదు. ఆ రోజు మీరు అరుగు మీద అన్నం తినేటప్పటికే ఆమెకుంది. మీకు లేదు."

"నా తప్పు కూడా ఉంది సత్యం" అన్నారు డాక్టరమ్మ. అతను ఆవిడ మాట వినిపించుకున్నట్టు లేదు. లేచి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను.

"ఐదేండ్లు సారూ" అన్నాడు. "నా బిడ్డె ఎంత బరువుంటదో నాకు తెల్వదు."

వెనక్కి తిరిగి పాపను పిలిచాడు. పాప రాలేదు. పిలిస్తే వెళ్లడం ఆ పిల్లకు అలవాటు లేదు. అతనే వెళ్లి, ఎలా పట్టుకోవాలో తెలియనట్టు రెండు చేతులతో ఎత్తుకుని వాకిట్లోకి నడిచాడు.

ఈశ్వరి కదల్లేదు. చూపున్న కన్ను నా మీదే ఉంది.

"ఆ రోజు మేం అన్నం తింటుంటే నువ్వు సూసినవా?"

"చూశాను."

"కిటికీల నుంచా?"

"అవును."

"పిలిస్తే వచ్చేదాన్ని గదా సారూ" అంది.

లేచి నిలబడ్డాను. వాకిట్లో ఉన్న సత్యానికి కూడా వినపడేలా చెప్పాను.

"పిలవలేదమ్మా. నా ఉద్యోగం కోసం పిలవలేదు. తెలిసి కూడా నోరు మూసుకున్నాను. నీ ముఖానికీ, నీ కంటికీ, మీ అన్న ఐదేళ్లకూ తప్పు నాది. నన్ను క్షమించండి."